ఫోటోలో రెండో మనిషి

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేమీ కాదు, ఊళ్లన్నీ తలుపులు వేసుకుని ఇంట్లోంచే ఉద్యోగాలు మొదలుపెట్టిన రోజుల్లో, మనిషి పని చేస్తున్నాడో లేదో మనిషిని చూసి తెలుసుకునే అలవాటు మెల్లగా పోతూ ఉండేది. మా నాన్న ఎలమంచిలి దగ్గర పొలంలో ఎంత పని చేశాడో సాయంత్రం గట్టు మీద నిలబడితే ఎవరికైనా కనిపించేది. నేనెంత చేశానో మాత్రం ఆరు దాటాక కంపెనీ నుంచి మెయిల్ వస్తే గానీ నాకే తెలిసేది కాదు. అందులో నూటికి ఇన్ని అని ఒక అంకె ఉండేది. దాని పేరు ఫోకస్ స్కోర్. నా కంప్యూటర్లో వాళ్లు పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ నేనెన్ని మీటలు నొక్కానో లెక్కపెట్టేది, ఎంతసేపు కుర్చీలోంచి లేచిపోయానో రాసుకునేది, రోజు మొత్తంలో తనకు తోచినప్పుడు ఆరేడుసార్లు నాకు చెప్పకుండా ఫోటో తీసేది. ఆ ఫోటోలు కూడా మెయిల్ అడుగున వచ్చేవి. మొదటి రెండు మూడు రోజుల తర్వాత నేను వాటిని చూడడం మానేశాను. (ఇరవై మూడేళ్ల వయసులో నా మొహం మీద నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. పైగా ఆ ఫోటోల్లో నేనెప్పుడూ ఆవలిస్తూనే ఉండేవాణ్ణి.)

పనేమిటంటే, పార్సెళ్ల మీద చేత్తో రాసిన చిరునామాలు వానలో తడిసో, సిరా అలుక్కుపోయో యంత్రం చదవలేకపోతే, వాటి ఫోటోలు నా తెర మీదికి వచ్చేవి. నేను చదివి టైపు చెయ్యాలి. అంతే. ఒకటి అవగానే ఇంకొకటి. ఆ పార్సెల్ ఎవరిదో, లోపల ఏముందో, చేరిందో లేదో నాకు తెలిసేది కాదు. నా స్కోరు డెబ్బై ఒకటి దగ్గర తచ్చాడుతూ ఉండేది. ఎనభై దాటకపోతే 'మెరుగుపడాల్సినవారి జాబితా'లో వేస్తామని మా టీమ్ లీడర్ మేడమ్ వారానికోసారి ఫోన్లో గుర్తు చేసేది. ఆవిడది హైదరాబాదు. నేనెప్పుడూ ఆవిణ్ణి చూడలేదు. ఏ మాటైనా శాతంతో మొదలుపెట్టి శాతంతో ముగిస్తుంది కనక నేను ఆవిడకి పర్సెంటు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను.

విశాఖలో నేను అద్దెకు తీసుకున్నది వన్ టౌన్లో, హార్బరుకి దగ్గర్లో ఒక పెంకుటింటి ముందు గది. తలుపు నేరుగా సందులోకి ఉండేది. ఇంటివాళ్లు వెనక భాగంలో ఉండేవారు, వాళ్ల దారి పక్క సందులోంచి. ఇంటావిడ నడివయసు ముస్లిం ఆవిడ. భర్త ఓడ మీద వంటవాడు, ఆరేసి నెలలు కనిపించడు. గది చూపించినప్పుడు ఆవిడ ఒక్క మాటే చెప్పింది. వెనక గోడలో ఉన్న ఆకుపచ్చ తలుపుల అల్మరా చూపించి, "దాన్ని మాత్రం ముట్టుకోకు బేటా, అటు మా సామాన్లున్నాయి" అంది. నేను తలూపాను. ఆ గోడకి వీపు పెట్టి, ఎదుటి గోడకి బల్ల వేసుకున్నాను. సందులో ఆటోలు, హార్బరులో ఓడల కూతలు వినపడకుండా చెవులు రెండూ మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. నా కీబోర్డు పాత సామాన్ల కొట్లో కొన్నది, గట్టిగా టకటకలాడే రకం. హెడ్‌ఫోన్లలో ఆ శబ్దం నాకు వినిపించేది కాదు కనక అదెంత గోల చేసేదో నాకు చాలాకాలం తెలియలేదు.

గదిలో దిగిన రెండో నెలలో ఒకరోజు మేడమ్ ఫోన్ చేసింది. "నిన్న సెవెంటీ సిక్స్ పర్సెంట్ వచ్చిందండీ, గుడ్. బట్ ఒక చిన్న డౌట్. మీ వెనకాల ఉన్నాయన ఎవరు?"

"నా వెనకాల ఎవరూ లేరు మేడమ్. నేనొక్కణ్ణే ఉంటాను."

"ఫోటోలు చూసుకోండి" అని పెట్టేసింది.

చూశాను. మూడూ పదికి తీసిన ఫోటోలో నేను ఆవలిస్తున్నాను. నా వెనక, అల్మరా పక్కన, తెల్లగా పొడుగ్గా ఏదో ఉంది. తువ్వాలు ఆరేశానేమో అనుకున్నాను. నా తువ్వాలు నీలం రంగుది. పాత మెయిళ్లు ఒక్కొక్కటే తెరిచాను. పదిరోజుల కిందటి మధ్యాహ్నం ఫోటోలో అల్మరా తలుపు జానెడు తెరిచి ఉంది. వారం కిందట తలుపు ముందు తెల్ల బట్టలు. నాలుగు రోజుల కిందట తెల్లటి గడ్డం, టోపీ, మెడ చుట్టూ తాడులాంటిది ఏదో. ప్రతి ఫోటోలోనూ ఆయన గోడకి కొంచెం దూరంగా, నాకు కొంచెం దగ్గరగా ఉన్నాడు. ప్రతి ఫోటోలోనూ నేను హాయిగా చిరునామాలు టైపు చేసుకుంటున్నాను. మిట్టమధ్యాహ్నం, సందులో చేపల బండి వాడి కేక వినిపిస్తోంది.

తిరిగి చూశాను. అల్మరా మూసే ఉంది. హార్బరు గాలికి ఆ గదిలో రోజూ నల్లటి దుమ్ము పేరుకునేది, పొద్దున్న ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ తయారు. ఆ దుమ్ములో అల్మరా దగ్గర్నుంచి నా కుర్చీ దాకా పాదాల గుర్తులున్నాయి. కుడికాలు ఈడ్చినట్టు గీత. అల్మరాలోంచి మనిషి నడిచి రావడమేమిటి అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. వేసుకుంటే జవాబు కూడా నేనే చెప్పుకోవాలి కదా. మా అమ్మకి ఫోన్ చేశాను.

"ఏట్రా, గొంతేటలాగుంది? అన్నం తిన్నావా?"

చెప్పాను. అమ్మ భయపడలేదు. ఆవిడకి ఇలాంటి విషయాల్లో ఒక పద్ధతి ఉంది. "ముందు అడుగులు సూడు. ముందుకున్నాయా, ఎనక్కున్నాయా? ఎనక్కి తిరిగున్నాయంటే మనిసి కాదు. నాను సెప్తన్నాను ఇను, సరీగ్గా సూడు."

ఫోన్ చెవికి పెట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని చూశాను. "కొన్ని ముందుకున్నాయమ్మా, కొన్ని వెనక్కున్నాయి."

"రెండూ ఉన్నాయా? ఓలమ్మో!" ఈసారి అమ్మ నిజంగా భయపడింది. వచ్చినవాడు తిరిగి వెళ్లి ఉంటాడని నాకు గానీ, డిగ్రీ చదివిన కొడుకు మాట మీద నమ్మకమున్న ఆవిడకి గానీ తోచలేదు. సింహాచలం వెళ్లి అప్పన్న గంధం తెచ్చి తలుపుకి రాయమంది. రాశాను. మర్నాడు ఫోటోలో ఆయన ఆ గంధాన్ని వేలితో గీకి వాసన చూస్తున్నాడు.

ఇంటావిణ్ణి అడగొచ్చు కదా అంటారు. అడిగాను. సూటిగా అడగడానికి నోరు రాక, "ఆంటీ, ఈ గదిలో ఇంతకుముందు ఎవరుండేవారు?" అన్నాను. ఆవిడ మొహం మెత్తబడింది. "మా మామగారు బేటా. నలభై ఏళ్లు ఇదే గది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇక్కడే. ఇప్పుడేముంది..." అని చెంగుతో కళ్లు తుడుచుకుని, పొయ్యి మీద ఏదో మాడుతోందని వెళ్లిపోయింది. ఇంక నాకు అనుమానమేమీ మిగల్లేదు.

ఇక్కడొక వింత చెప్పాలి. గది ఖాళీ చేద్దామంటే ఆ నెలలో ఇంకో గది దొరకలేదు. మధ్యాహ్నం వేళ తల తిప్పి వెనక్కి చూసే ధైర్యం లేదు. లేచి నీళ్లు తాగాలంటే కుండ అల్మరా పక్కనే ఉంది. దాంతో ఒంటిగంట నుంచి అయిదింటిదాకా మెడ బిగించి, తెర మీంచి కళ్లు తిప్పకుండా, ఊపిరి కూడా లెక్కగా తీసుకుంటూ టైపు చేసేవాణ్ణి. హెడ్‌ఫోన్లు తీస్తే ఏం వినపడుతుందోనని అవీ తీసేవాణ్ణి కాదు. స్కోరు ఎనభై నాలుగు అయింది, తర్వాత ఎనభై తొమ్మిది, ఆ పై వారం తొంభై మూడు. మేడమ్ మా బృందమంతటికీ మెయిల్ పెట్టింది, ఏకాగ్రత అంటే ఇలా ఉండాలి అని నా పేరు రాసి. నా ఏకాగ్రత రహస్యమేమిటని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా.

మా మేనమామ కొడుకు ఒకడు అచ్యుతాపురం దగ్గర ఫ్యాక్టరీలో చేసేవాడు. వాడు నాకు బావ, నేను వాడికి బావ. సంగతి విని సెలవు రోజున వచ్చాడు. "మా కాడ బాత్రూముకెళ్లినా కార్డు గీకాలి బావా. మనిసి లోనికొచ్చేడంటే లెక్కుండాల. దెయ్యమైనా సరే, ఇయ్యాల నానడుగుతాను, ఐడీ కార్డేదీ అని" అంటూ మంచం మీద అల్మరాకి ఎదురుగా కూచున్నాడు. నాకెంతో ధైర్యం వచ్చింది. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిన్నాం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో పడ్డాను. సాయంత్రం మెయిల్ ఇద్దరం కలిసి తెరిచాం. రెండూ నలభైకి తీసిన ఫోటోలో ముగ్గురున్నారు. నేను టైపు చేస్తున్నాను. బావ మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన బావ మీదికి వంగి, మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు.

బావ ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. "డ్యూటీ ఉంది బావా, ఎల్లొత్తాను" అన్నాడు. సెలవు కదరా అన్నాను. "ఏసేసుకుంటాను" అన్నాడు చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆ ఫోటోతో కంపెనీకి ఓపిక అయిపోయింది. సమాచార భద్రత అని పెద్ద మాటలతో నోటీసు వచ్చింది. కెమెరాలో కనపడుతున్న బయటి వ్యక్తి ఎవరో శుక్రవారం లోగా రాతపూర్వకంగా చెప్పకపోతే నా లాగిన్ ఆపేస్తారట. మూడుసార్లు జవాబు రాశాను. మొదటిదాంట్లో 'ఆయనెవరో నాకు తెలియదు' అని రాసి, మరీ దొంగ సమాధానంలా ఉందని చెరిపేశాను. రెండోదాంట్లో 'ఆయన బయటి వ్యక్తి కాదు, నాకన్నా ముందునుంచీ ఈ గదిలో ఉన్నారు' అని రాశాను. మూడోదాంట్లో 'ఆయన వ్యక్తి కాకపోవచ్చు' అని రాసి, దాన్ని పర్సెంటు మేడమ్ చదువుతున్నట్టు ఊహించుకుని, అదీ చెరిపేశాను. ఇంట్లో నా జీతం మీద చెల్లి చదువు నడుస్తోంది. గురువారం మధ్యాహ్నం, ఏదైతే అదయిందని, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. వెనక్కి తిరగకుండా టైపు చేస్తూ కూచున్నాను.

గదంతా నా కీబోర్డు శబ్దమే. టకటకటక, టకటకటక. నాకే కొత్తగా ఉంది. పావుగంట గడిచాక వెనక ఎక్కడో గడియ జరిగింది. చెక్క కిర్రుమంది. తర్వాత ఒక అడుగు, ఒక ఈడ్పు, ఒక అడుగు, ఒక ఈడ్పు. నాఫ్తలీన్ ఉండల వాసన, దానితో పాటు సుద్దముక్క వాసన. నా వేళ్లు వాటంతటవి కొడుతూనే ఉన్నాయి. (ఆ పది నిమిషాల్లో నేను టైపు చేసిన చిరునామాలకి వెళ్లిన పార్సెళ్లవాళ్లు నన్ను క్షమించాలి.) మెడ వెనక ఊపిరి తగిలింది. ఒక భుజం మీద చల్లగా ఏదో ఆనింది, వీపు మీదుగా రెండో భుజం దాకా పాకింది.

"పదిహేడున్నర" అంది ఒక గొంతు.

నేను అరవలేదు. అరుద్దామని నోరు తెరిస్తే "మాస్టారూ" అన్న మాట వచ్చింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"కదలకు. వంగిపోతన్నావు, కొలత తప్పుద్ది" అన్నాడాయన. ఫోటోల్లో ఆయన మెడ చుట్టూ నేను చూసిన తాడు, దర్జీలు కొలతలు తీసే టేపు. నెమ్మదిగా తిరిగాను. డెబ్బై ఎనభై మధ్య మనిషి. చేతులు వణుకుతున్నాయి గానీ టేపు పట్టుకున్న రెండు వేళ్లూ వణకడం లేదు. "కొత్తగా చేరినోడివి నువ్వేనా? ఇయ్యాలేటి కుట్టేవు, సూపించు."

ఏం చూపించను? తెర మీద మూలన స్కోరు కనిపిస్తుంటే అదే చూపించాను. "తొంభై మూడు మాస్టారూ."

"తొంభై మూడేటి? షర్టులా, లాగులా?"

"పని మాస్టారూ. నా పని."

ఆయన వంగి తెర వంక చూశాడు. "ఇటేపు అందరూ బాగానే కుడతారు. తిరగేసి సూపించు." కుట్టు మంచిదో కాదో వెనకవైపు చూస్తేనే తెలుస్తుందన్నది ఆయన లెక్క. ఆ క్షణంలో నాకు వేరే దారి తోచక నిజంగానే ల్యాప్‌టాప్ తిప్పి దాని వీపు చూపించాను. ఆయన బొటనవేలితో అటూ ఇటూ రాసి చూశాడు. నా మొహంలోకి జాలిగా చూశాడు. "ఏటీ లేదు కదరా" అన్నాడు.

అప్పుడే ఇంటావిడ "అబ్బాజాన్!" అంటూ అల్మరాలోంచి పరిగెత్తుకొచ్చింది. అల్మరా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. అవతల వాళ్ల వంటగది, స్టవ్వు మీద టీ గిన్నె. అది అల్మరా కాదు, తలుపు. "అటు మా సామాన్లున్నాయి" అంటే అటేనన్నమాట. ఆయన ఆవిడ మామగారు. బతికే ఉన్నాడు. మతిమరుపు వచ్చి రెండేళ్లయింది, కొడుకు పేరు కూడా గుర్తులేదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళకి నా కీబోర్డు టకటకలు విని, కొట్లో మిషన్ తిరుగుతోందని, పనివాణ్ణి చూసుకోవాలని గడియ తీసుకుని వచ్చేస్తున్నాడు. "ఒక మాట చెప్పనా బేటా" అంది ఆవిడ, ఆయన్ని మెల్లగా లోపలికి నడిపిస్తూ. "నువ్వొచ్చినప్పట్నుంచీ రాత్రి అడిగి మరీ అన్నం తింటున్నారు. పనికెళ్లొచ్చేను, ఆకలేస్తంది అంటారు. ఎక్కడికెళ్లేరో నాకేటి తెలుసు! ఇక తాళం ఏసేస్తాలే. నీ ఉద్యోగం పోతే ఎలాగ?"

తాళం వేసింది. నేను శుక్రవారం ఉన్నదున్నట్టు రాసి పంపాను, కంపెనీ ఒప్పుకుంది. సోమవారం హాయిగా హెడ్‌ఫోన్లు లేకుండానే కూచున్నాను. రెండున్నరకి అల్మరా వెనక చప్పుడు మొదలైంది. అరచేత్తో తలుపు మీద తట్టడం. నేను టైపు చేస్తే తట్టేవాడు, ఆపితే ఆగేవాడు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ. దెయ్యమనుకున్న రోజుల్లో కూడా నాకంత కష్టంగా లేదు. సాయంత్రం ఇంటావిడ వచ్చి, అన్నం ముట్టలేదు, ఇయ్యాల కొట్టు మూసేసేరు అంటున్నారు, అంది.

మర్నాడు పొద్దున్నే బల్ల తిప్పేశాను. నా వీపు సందు వైపు గోడకి, మొహం అల్మరాకి. కెమెరాకి నేనొక్కణ్ణే కనపడతాను. బల్లకి అవతల, ల్యాప్‌టాప్ వెనక, ఆయనకొక స్టూలు. తాళం తీయించాను. ఆ వేసవంతా ఆయన నా ఎదురుగా కూచున్నాడు. "ఎన్నయ్యేయి?" అని అడిగేవాడు. రెండొందలు మాస్టారూ అంటే కోపం వచ్చేది. "పండగ ముందు నాను రోజుకారు కుట్టేను. రెండొందలంటన్నావు, అబద్ధాలాడే పనోడు నాకొద్దు." దాంతో చిరునామాలు చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఫలానావారి అమ్మాయి, గుడి వెనక వీధి, రెండో మేడ. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. "పంపించేవా? అందిందంటనా?" అనేవాడు. తెలీదు మాస్టారూ, అంటే, "అడుగు మరి" అనేవాడు. ఎవర్ని అడగాలో నాకు తెలిసేది కాదు.

పర్సెంటు మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఆవిడ గొంతే తేడాగా ఉంది. "మీ స్కోరు సెవెంటీ ఫోర్‌కి పడిపోయింది. అదొకటే కాదండీ... అన్ని ఫోటోల్లోనూ మీరు కెమెరా పైకి చూస్తున్నారు. ఎవరితోనో మాట్లాడుతున్నారు. నవ్వుతున్నారు. అక్కడెవరూ... ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్" అన్నాను. "కనపడరు." ఆవిడ ఆ రోజు శాతమేమీ చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.

జాబితాలో వేశారు. అయినా దాని వల్ల నా ఉద్యోగం పోలేదు. వానలు మొదలయ్యేసరికి అందరిదీ పోయింది. మేం రోజూ టైపు చేసిన చిరునామాలన్నీ చూసి యంత్రం చేతిరాత చదవడం నేర్చేసుకుందట. తొంభై ఆరు తెచ్చుకునేవాడికీ డెబ్బై నాలుగు తెచ్చుకునే నాకూ ఒకే మెయిల్ వచ్చింది, ఒకే నిమిషంలో. మాస్టారికి చెప్పాను, రేపట్నుంచి పని లేదు, మిషనే చేసుకుంటుందట అని. ఆయన బల్ల కిందికి వంగి చూశాడు. "తొక్కేదెవుడు?" అన్నాడు.

గది ఖాళీ చేసే రోజున ఇంటావిడ ఒకటే అడిగింది, ఆ పాత కీబోర్డు ఇచ్చి వెళ్తావా బేటా అని. ఇచ్చాను. ఏడాది తర్వాత అటు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం వేళ, ఆ గది తలుపు ఓరగా తీసి ఉంది. ఇంటావిడ బల్ల దగ్గర కూచుని, ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో ఆ కీబోర్డు మీద టకటకలాడిస్తోంది. దాని తీగ కిందికి వేలాడుతోంది, దేనికీ తగిలించి లేదు. ఆవిడ వెనక, తెల్ల బట్టల్లో, ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. "ఏం టైపు చేస్తున్నారు ఆంటీ?" అన్నాను. "నాకేటి తెలుసు బేటా, వేళ్లెటు పడితే అటు" అని నవ్వింది. "ఇది వింటే నాలుగు ముద్దలు తింటారు."

ఇప్పుడు నేను ఇంకో కంపెనీలో, యంత్రం చదివిన చేతిరాతలో తప్పులు వెతికే ఉద్యోగంలో ఉన్నాను. స్కోరు తొంభైకి తగ్గదు. అయినా ఆ వేసవి ఫోటోలున్న మెయిళ్లు దాచుకున్నాను. ఎదురుగా ఎవరూ లేని చోటికి చూసి పళ్లికిలించి నవ్వుతున్న ఆ బక్కపలచటి కుర్రాణ్ణి అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటాను. నా ఉద్యోగ జీవితంలో నేను ఆవలించకుండా ఉన్న ఫోటోలు అవే.